ప్రిన్స్‌ని మార్చింది పూణే వాళ్ళు కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్ లోపలి పేజీలో పాత వీడియో గేమ్‌ల మీద ఒక ఆర్టికల్ వేశారు. పిల్లలు చెడిపోతున్నారు అన్న గోల లేకుండా మన తెలుగు పేపర్లో గేమ్‌ల గురించి ఒక మాట కనబడటం చాలా రోజులకి, అందుకు సంతోషం. కానీ అందులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా దగ్గరకొచ్చేసరికి, పాత కంపెనీ చేతిలో ఉన్నన్నాళ్ళూ బ్రహ్మాండంగా ఉండేదని, మన పూణే, ముంబై స్టూడియోల చేతికొచ్చాక దాని జీవం పోయిందని అర్థం వచ్చేలా నాలుగు లైన్లు రాసేశారు. నేను విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఇవతల జెరాక్సు, నెట్ షాపు నడుపుకుంటాను, పొద్దున్న షట్టర్ ఎత్తగానే ముందు పేపరే చూస్తాను, ఆ నాలుగు లైన్లు రెండోసారి చదివేసరికి గ్లాసులో టీ చల్లారిపోయింది. ఉండబట్టలేక రాస్తున్నాను, పెద్దదైపోతే మీరే కత్తిరించుకోండి.

ముందు తప్పు ఎక్కడుందో చెప్పేస్తాను. పూణే, ముంబై వాళ్ళు మొదలెట్టిన ప్రిన్స్ అసలు జనం చేతికే రాలేదండి. ప్రిన్స్ గేమ్‌లలో 2003 నాటి శాండ్స్ ఆఫ్ టైమ్‌ని మళ్ళీ కొత్తగా చేస్తున్నాం అని దాన్ని తీసిన యుబిసాఫ్ట్ కంపెనీ 2020 సెప్టెంబర్లో ట్రైలర్ వదిలింది, ఆ పని మన ఈ రెండు స్టూడియోలకి అప్పజెప్పింది, 2021 జనవరికల్లా వచ్చేస్తుంది అన్నారు. ట్రైలర్ చూసినవాళ్ళు ఆ మొహాలేటి ఆ లైటింగేటి అని ఒక ఆట ఆడుకున్నారు, డేటు వెనక్కి పోయింది, మళ్ళీ పోయింది, 2022 మే నెలలో ఆ పని మొత్తం కెనడాలో మాంట్రియల్ స్టూడియోకి మార్చేశారు. ట్రైలర్ నాకూ నచ్చలేదు, దాపరికం ఎందుకు, ప్రిన్స్ మొహం మైదాపిండితో చేసినట్టుంది. అయినా అందులో ప్రిన్స్‌కి గొంతు ఇచ్చింది 2003లో ఇచ్చిన ఆయనే, యూరి లోవెన్తాల్. చేతికొచ్చి ఉంటే ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు? థియేటర్‌కి రాని సినిమాకి ఫ్లాప్ అని రాస్తే ఎలాగండి.

అసలు ప్రిన్స్ తీరు మారింది 2004లో. మార్చింది కొత్తవాళ్ళు కూడా కాదు, శాండ్స్ ఆఫ్ టైమ్ చేసిన ఆ మాంట్రియల్ స్టూడియోనే. అది చెప్పాలంటే కొంచెం వెనక్కెళ్ళాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు దాసన్నపేట వైపు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను, ఫాక్స్‌ప్రో నేర్చుకోటానికని ఇంట్లో ఫీజు కట్టారు, నేర్చుకున్నది మాత్రం మొట్టమొదటి ప్రిన్స్ గేమ్. సారు టిఫిన్‌కి వెళ్ళగానే ఒకడు గుమ్మం దగ్గర కాపలా, మిగతా నలుగురం ఒక్క మానిటర్ ముందు. నల్లటి స్క్రీన్ మీద ప్రిన్స్ అని టైప్ చేసి పక్కనే మెగాహిట్ అని కొడితే షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కి లెవెల్స్ దాటేయొచ్చు, అది తెలిసినోడికి ఆ బ్యాచ్‌లో కలెక్టర్ కన్నా ఎక్కువ మర్యాద. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆ గేమ్‌లో నేలలోంచి ముళ్ళు లేస్తాయి గుర్తుందా, పరిగెత్తుకుంటూ వెళ్తే గుచ్చుకుని చస్తాడు, షిఫ్ట్ నొక్కి ఒక్కొక్క అడుగు వేసుకుంటూ వెళ్తే ఆ ముళ్ళ మధ్యలోంచే ఏమీ కాకుండా దాటేస్తాడు. ఇక్కడ నెమ్మదిగా వెళ్ళమని గేమ్ ఎక్కడా చెప్పదు. పైగా రాకుమారిని విడిపించటానికి మొత్తం గంటే టైము, అంటే ఒకపక్క తొందర పెడుతుంది, ఇంకోపక్క తొందరపడితే చంపుతుంది. మ్యూజిక్ కూడా పెద్దగా లేదు, అడుగుల చప్పుడు, కత్తి చప్పుడు, అంతే. మాకు ఒళ్ళు జలదరించేది.

నీడ సంగతి కూడా చెప్పకుండా ముందుకెళ్ళలేను. నాలుగో లెవెల్లో ఒక అద్దం అడ్డొస్తుంది, పరిగెత్తుకొచ్చి అద్దంలోంచి దూకితే అవతలపక్కకి ప్రిన్స్ నీడ విడిపోయి పారిపోద్ది. ఆ తర్వాత లెవెల్లో మనం తాగాల్సిన మందు అదే తాగేస్తుంది, ఇంకోచోట మనం గెంతి పట్టుకోబోయే టైముకి గేటు వేసేస్తుంది. చివరాఖర్లో కత్తి పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమూ తగ్గుద్ది. వారం రోజులు పొడుస్తూనే ఉన్నాం, చస్తూనే ఉన్నాం. ఒకరోజు మాలో ఒకడు విసుగొచ్చి కింది బాణం కీ నొక్కాడు, ప్రిన్స్ కత్తి ఒరలో పెట్టేశాడు, ఎదురుగా నీడ కూడా పెట్టేసింది. ఇద్దరూ నడుచుకుంటూ వచ్చి ఒకరిలో ఒకరు కలిసిపోయారు. మా నలుగురికీ నోట మాట లేదు. గుమ్మం దగ్గర కాపలా ఉన్నోడు కూడా లోపలికొచ్చేశాడు, సారు వచ్చి మా వెనకాలే నిలబడ్డం ఎవ్వరం చూడలేదు.

అది చేసింది ఒక్క మనిషి, జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్, ఆపిల్ టూ కంప్యూటర్ మీద, 1989లో. వాళ్ళ తమ్ముడికి తెల్ల బట్టలేసి కార్ పార్కింగ్‌లో పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసుకుని, ఆ ఫ్రేములు చూసి బొమ్మలు వేసుకున్నాడు, అందుకే ప్రిన్స్ అడుగేస్తే నిజంగా మనిషి అడుగేసినట్టుండేది. ఆ కంప్యూటర్లో మెమరీ అయిపోయి శత్రువుకి వేరే బొమ్మ వెయ్యటానికి చోటు లేక ప్రిన్స్ బొమ్మనే కొంచెం మార్చి నీడని పుట్టించాడంట. చోటు చాలకపోవటం వల్ల పుట్టిన నీడకి మేం నోళ్ళు వెళ్ళబెట్టాం.

తర్వాత 2003లో శాండ్స్ ఆఫ్ టైమ్. ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పనివ్వండి. మాది ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన ఊరు, 1919లో పెట్టిన మ్యూజిక్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే, మా తాత తరం వాళ్ళకి హరికథ అంటే ప్రాణం. నేను చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో తాత ఒళ్ళో కూర్చుని విన్నవాణ్ణే, సగం నిద్రలో. ఒక దాసుగారు కథ ముందుకి లాగేసి, మధ్యలో చిడతలు ఒక్కసారి ఆపి, ఉండండుండండి నేను ముందుకెళ్ళిపోయాను, అది అలా జరగలేదు అని మళ్ళీ వెనక్కొచ్చేవారు, పందిరంతా నవ్వేది. శాండ్స్ ఆఫ్ టైమ్ అచ్చం అదేనండి. గేమ్ మొత్తం ప్రిన్స్ తన కథ తను చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. మనం గోడ మీద పరిగెడుతూ కాలు జారి పడిపోయి చచ్చామనుకోండి, ఆయన గొంతు వినబడుతుంది, కాదు కాదు అలా జరగలేదు, మళ్ళీ మొదలెట్టనా అని. సేవ్ చేస్తే ఈసారి కథ ఇక్కణ్ణుంచి మొదలెడతాను అంటాడు. చావు కూడా కథ చెప్పేవాడి పొరపాటే అన్నమాట. ప్రిన్స్ దగ్గరున్న మాయ బాకులో ఇసక ఉన్నంతసేపు కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు, అదీ ఆ దాసుగారి చిడతల్లాంటిదే. ఆ కథంతా ఎవరికి చెబుతున్నాడో ఆఖర్న తెలుస్తుంది, అది నేను చెప్పను, ఆడనివాళ్ళు ఇంకా ఉంటారు.

సంవత్సరం తిరిగేసరికి, 2004 ఆఖర్లో, దాని రెండో భాగం వారియర్ వితిన్ వచ్చింది. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి, పన్నెండు సిస్టమ్‌లు, గ్రాఫిక్స్ కార్డు ఉన్నది మాత్రం ఒక్కదానికే, దానికి లైన్ కట్టేవారు. సీడీలు పెట్టి ఇన్‌స్టాల్ చేసి ఆన్ చేశాం. హెవీ మెటల్ గిటార్ ఒక్కసారి మీద పడింది, ప్రిన్స్ జుట్టు విరబోసుకుని, గడ్డం పెంచుకుని, పళ్ళు కొరుక్కుంటూ రెండు చేతుల్తో రెండు కత్తులు పట్టి తలకాయలు ఎగరగొడుతున్నాడు. గొంతు కూడా వేరే. నా పక్కన కూర్చున్న టెక్కలి గుంటడు ఒకడు స్క్రీన్ వైపు, నా వైపు చూసి, ఏటన్నయ్యా ఈడు మన ప్రిన్సేనా, ఈడికేటైంది అన్నాడు. ఏటైందో నాకూ తెలీదు. కాలం వెనక్కి తిప్పటం అలాగే ఉంది, గోడ మీద పరుగు అలాగే ఉంది, ఇంకా బాగా చేశారు కూడా. కథ చెప్పే మనిషి లేడు. చస్తే చచ్చినట్టే, కాదు కాదు అనే గొంతు లేదు. అదొక్కటి తీసేసరికి మిగతావన్నీ ఉన్నా ఇల్లు ఖాళీ చేసి సామాను మాత్రం వదిలేసినట్టయింది.

ఎందుకలా చేశారు అంటే, శాండ్స్ ఆఫ్ టైమ్‌కి రివ్యూలు ఆకాశానికెత్తేసినా మొదట్లో అనుకున్నంతగా అమ్ముడవలేదు, ఇంకా ఎక్కువమంది కుర్రాళ్ళు కొనాలి, కాబట్టి కోపం, రక్తం, గిటార్. మొదటి ప్రిన్స్ చేసిన మెక్నర్ గారు 2003 దాంట్లో కథ రాశారు గానీ ఈ రెండోదాంట్లో లేరు, ఆ తీరు, ఆ హింస తనకి నచ్చలేదని ఆయనే తర్వాత బాహాటంగా చెప్పారు. 2003 దానికి పెద్దదిక్కుగా ఉన్న పాట్రిస్ డెసిలే అనే ఆయన కూడా ఈ రెండోది చెయ్యకుండా పక్కన ఇంకో ప్రిన్స్ గేమ్ ఆలోచించుకుంటూ కూర్చున్నాడు, అది ప్రిన్స్ కాకుండా పోయి 2007లో అసాసిన్స్ క్రీడ్ అనే వేరే గేమ్ అయ్యింది. అదేం చిత్రమో గానీ, ప్రిన్స్ ప్రాణం ఆ పేరున్న గేమ్‌లో కన్నా ఆ పేరు లేని గేమ్‌లో ఎక్కువ కనబడింది నాకు. బోర్డు అదే ఉంది, లోపల వంట మేస్త్రి మారాడు. హోటలైతే మనం ఒక్క ఇడ్లీ తిని చెప్పేస్తాం.

ఇక్కడ నా మీద నేనే ఒక కేసు వేసుకోవాలి. ఆ వారియర్ వితిన్‌లో దహాకా అని ఒక నల్లటి భూతం తరుముద్ది, దాని ఒంట్లోంచి తాళ్ళలాంటివి వచ్చి పట్టుకుంటాయి, నీళ్ళు దాటి రాలేదు. అది తరిమినప్పుడు మా నెట్ సెంటర్లో మిగతా పదకొండు సిస్టమ్‌ల దగ్గరవాళ్ళు కూడా లేచొచ్చి మా వెనకాల నిలబడేవారు, ఒకసారి సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, యూపీఎస్ కీ కీ మంటుంటే చీకట్లో ఒకడు నిజంగానే కెవ్వుమన్నాడు. బాలేదని తిట్టుకుంటూనే రాత్రి పదకొండింటి దాకా ఆడాను. 2005లో మూడోది టూ థ్రోన్స్ వచ్చినప్పుడు పాత గొంతు తెచ్చారు, కోపంగా ఉన్న ప్రిన్స్‌ని లోపల ఒక రెండో మనిషిగా పెట్టి ఇద్దరి చేతా వాదులాడించారు, అంటే వాళ్ళకీ తెలిసినట్టే ఉంది.

కాబట్టి కంపెనీ మారితే గేమ్ చెడుద్ది అన్న మీ లెక్క ఇక్కడ కుదర్లేదు. ఒకే కంపెనీలో కూడా మారుద్ది. ఐజీఐ అనే తుపాకీ గేమ్ తీసుకోండి, మన నెట్ సెంటర్ల తరం అందరికీ తెలిసిందే, నార్వేలో ఇన్నర్‌లూప్ అనేవాళ్ళు 2000లో చేశారు. మిషన్ మధ్యలో సేవ్ ఉండేది కాదు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నోడికి అదొక ఇబ్బంది, అంతే, మాకు మాత్రం గంటకి పదిహేను రూపాయలు. యాభై నిమిషాలు పాక్కుంటూ వెళ్ళి ఆఖర్న అలారం మోగి చచ్చామంటే ఆ పదిహేను రూపాయలు ఎగిరిపోయినట్టే, అందుకే ఒక్కొక్క తూటా డబ్బులు లెక్కపెట్టినట్టు కాల్చేవాళ్ళం, ఊపిరి బిగబట్టి. 2003లో వాళ్ళే రెండోది చేసి, మిషన్ మధ్యలో ఇన్నిసార్లని సేవ్ ఇచ్చారు. మంచి సౌకర్యమే, అడిగింది మేమే. భయం మాత్రం పోయింది. ఆ సేవ్ వచ్చాక మా కుర్రాళ్ళు తిన్నగా గేట్లోంచి దూరి కాల్చటం మొదలెట్టారు.

మరి కొత్తవాళ్ళ చేతికెళ్ళి బాగుపడ్డవి లేవా అంటే, నా లెక్కలో మాక్స్ పేన్ అనే తుపాకీ గేమ్ ఉంది, దీని మీద నాకూ మా బావకీ ఇప్పటికీ గొడవే. మొదటి రెండూ ఫిన్లాండ్‌లో రెమెడీ వాళ్ళు చేశారు, 2001, 2003. న్యూయార్క్‌లో మంచు, రాత్రి, కథంతా కామిక్ పుస్తకం పేజీల్లా వచ్చేది, మొదటిదాంట్లో మాక్స్ మొహం కూడా ఆ కథ రాసిన సామ్ లేక్ మొహమే, వేరే నటుణ్ణి పెట్టుకునే డబ్బుల్లేక. మూడోది 2012లో రాక్‌స్టార్ అనే వేరే కంపెనీ వాళ్ళు చేశారు. మంచు తీసేసి బ్రెజిల్‌లో సావ్ పాలో తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టారు, గుండు కొట్టించారు, పువ్వుల చొక్కా తొడిగారు. మా బావ ఆ పోస్టర్ చూసి, ఇదేటి బావా మాక్స్ పేనా, రుషికొండ బీచ్‌కి వెళ్ళిన రిటైర్డ్ ఎస్సైనా అన్నాడు, కొనలేదు, ఇప్పటికీ ఆడలేదు. ఆడితే తెలిసేది. గొంతు పాతదే, జేమ్స్ మెకాఫ్రీ గారిది, పోయారు ఆయన 2023లో. మాక్స్ పెద్ద తుపాకీ ఒక చేత్తో పట్టుకుని, చిన్నదానికి తూటాలు మార్చాలంటే ఆ పెద్దది చంకలో ఇరికించుకుంటాడు, పాపం, ముసలైపోతున్న మనిషి కూరగాయల సంచి సర్దుకున్నట్టు. పెయిన్‌కిల్లర్ మాత్రలు మొదటి గేమ్‌లో ప్రాణం పెంచే ఒక వస్తువు మాత్రమే, ఇక్కడ వాడికది వ్యసనం, నిజంగా మింగుతున్నాడని, దానికి సిగ్గుపడుతున్నాడని కథలో తెలుస్తుంది. ఊరు మార్చారు, వాతావరణం మార్చారు, మనిషి లోపలి బరువు మాత్రం దింపలేదు. వాళ్ళు పాత గేమ్ పోస్టర్ చూసి కాకుండా పాత గేమ్ ఆడి చేసినట్టున్నారు.

మా మేనల్లుడు సెంచూరియన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడు నా దగ్గరకొచ్చి లాస్ట్ క్రౌన్ చూపించాడు, 2024 జనవరిలో వచ్చిన ప్రిన్స్. ఫ్రాన్స్‌లో ఉన్న యుబిసాఫ్ట్ వాళ్ళ మోంపెలియే స్టూడియో చేసింది. ట్రైలర్ వచ్చినప్పుడు రాప్ పాట పెట్టారని, హీరో జుట్టు బాగోలేదని జనం దాన్నీ తిట్టారు, అందులో హీరో ప్రిన్స్ కూడా కాదు, ప్రిన్స్‌ని వెతుక్కుంటూ వెళ్ళే సర్గోన్ అనే వీరుడు. నేను మొహం చిట్లించాను. వాడు, మావయ్యా నువ్వు ఒక్క పావుగంట చూడు, తర్వాత తిట్టు అన్నాడు. చూస్తే, మళ్ళీ 1989లాగ పక్కనుంచి చూసే గేమ్, ఒకే వరసలో పరుగు, ముళ్ళు, గెంతు, తొందరపడితే చావు. పర్షియా పేరు పెట్టుకుని ఇన్నేళ్ళకి మొదటిసారి మొత్తం పర్షియన్ భాషలోనే మాటలు వినే వీలు ఇచ్చారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను అదే పెట్టమన్నాను. నా పాత ప్రిన్స్ నాకు దొరికాడు, పేరు వేరే, మొహం వేరే. సరిగ్గా అమ్ముడవలేదో ఏమో, అదే సంవత్సరం ఆ టీమ్‌ని విడదీసి వేరే పనులకి పంపేశారు, అది చదివి వాడికన్నా నాకే ఎక్కువ బాధేసింది.

ఇంతకీ నా కంప్లయింట్ ఒకటే ఎడిటర్ గారూ. మీ సినిమా పేజీలో డైరెక్టర్ పేరు, కెమెరా పేరు, ఆఖరికి డాన్స్ మాస్టర్ పేరు కూడా వేస్తారు. హరికథ అయితే దాసుగారి పేరు లేకుండా కరపత్రం కూడా కొట్టరు మా ఊళ్ళో. గేమ్ దగ్గరకొచ్చేసరికి కంపెనీ పేరొక్కటి రాసి ఊరుకుంటున్నారు, చేసిన మనుషులు ఎవరు, ఎవరు మానేశారు, ఎవరు కొత్తగా వచ్చారు అన్నది ఒక్క లైన్ కూడా ఉండట్లేదు. అది లేకపోబట్టే రిలీజ్ కాని గేమ్‌కి మన పూణే కుర్రాళ్ళు దొంగలైపోయారు. అక్కడ పని చేసినవాళ్ళలో మన విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు ఒకరిద్దరైనా లేకపోరు, బీటెక్ అయ్యాక ఎక్కడెక్కడికి వెళ్తున్నారో మా షాపులో రెజ్యూమెలు ప్రింట్ తీసే నాకు తెలియదా.

వీలైతే వచ్చే ఆదివారం సవరణ అని రెండు లైన్లు వెయ్యండి, చిన్న అక్షరాల్లో అయినా పరవాలేదు. వేస్తే ఆ ముక్క కత్తిరించి, షాపులో కౌంటర్ అద్దం కింద, జెరాక్సు రూపాయి అని రాసిన కాగితం పక్కన పెట్టుకుంటాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
గంటస్తంభం దగ్గర, విజయనగరం